డిగ్రీలకూ వావివరుసలున్నాయి

బి.ఎడ్. అంటే ఏమిటని అడిగితే, "అదీ బి.ఏ. వంటిదే, ముందు 'బి' ఉంది గదా!" అనేవారు మనలో ఉన్నారు. పేరును బట్టి వరుస కలపడమంటే ఇదే. బి.ఏ.లో ఇంటర్మీడియేట్ కాగానే చేరవచ్చు. రెండేళ్ళ బి.ఎడ్.లో చేరాలంటే ముందుగా ఒక డిగ్రీ చేతిలో ఉండాలి. మూడేళ్ళ లా కోర్సు సంగతీ అంతే. ఇక ఎం.బి.బి.ఎస్.లోని 'ఎం' మాస్టరుది కాదు, మెడిసిన్‌ది.

ఇంట్లో ఎవరో ఒకరు చదివి ఉంటారు గనుక మనకీ తేడాలు తెలుస్తాయి. మరి కంప్యూటరుకు ఎవరు చెప్పాలి? నేడు చాలా దరఖాస్తులను ముందుగా చూసేది అదే గదా!

నా దగ్గర ఇంటర్మీడియేట్ చదివిన అమ్మాయి ఒకతె, తరువాత అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. పూర్తి చేసింది. ఒక సంస్థ దరఖాస్తులో "బి.ఏ. ఏ సంవత్సరం?" అనే గడి నింపనిదే ముందుకు కదలలేదు. ఆమెకు విడిగా బి.ఏ. లేదు. అబద్ధం రాయలేక, గడువు దాటిపోయేదాకా ఆ గడి ముందే కూర్చున్నది. పెద్ద చదువు ఉండి కూడా అర్హత లేనిదైపోయింది.

ఈ చిక్కు తీర్చడానికి పనికివచ్చేదే నాలెడ్జి గ్రాఫ్. గ్రంథాలయంలో ఒక పుస్తకం ఒక్క బీరువాలోనే ఉంటుంది. ఇందులో అలా కాదు. ప్రతి విషయమూ ఒక ముడి, ప్రతి సంబంధమూ ఒక దారం. ఒకే మనిషి ఈ ఇంట్లో కొడుకు, ఆ ఇంట్లో అల్లుడు అయినట్లే, ఒక కోర్సుకు ఎన్ని వరుసలైనా కలపవచ్చు. 2012లో మొదలైన వికీడేటా ఇటువంటిదే. "ఇది ఫలానా దానిలో ఒక రకం" అన్న దారం వేరు, "ఇది ఫలానా దానికి ఒక ఉదాహరణ" అన్న దారం వేరు. తెలుగు సాహిత్యం ఒక విద్యారంగం, బి.ఏ. ఒక డిగ్రీ, ఒక కళాశాలలో నడిచే బి.ఏ. తెలుగు ఒక కోర్సు. ఈ మూడింటినీ ఒకే ముడిగా వేస్తే లెక్క తప్పుతుంది.

మెట్లు ఎలా గుర్తించాలన్నది యునెస్కో 2011లో ఆమోదించిన వర్గీకరణ చెబుతుంది. 0 నుంచి 8 వరకు మెట్లు. బాచిలర్ డిగ్రీ 6, మాస్టర్ 7, డాక్టరేటు 8. డిగ్రీ తరువాత చదివే రెండవ బాచిలర్ కూడా 6లోనే ఉంటుంది, కాని దానికి విడి గుర్తు ఉన్నది. మాస్టర్‌కు దీటైన సుదీర్ఘమైన తొలి డిగ్రీ అయిదేళ్ళో, అంతకు మించో అయితే 7లోకి వస్తుంది. విద్యారంగాలకు వేరే పట్టిక, 2013లో వచ్చింది. అందులో 11 పెద్ద విభాగాలు.

ఆ అమ్మాయి కోర్సుకు "ప్రవేశం ఇంటర్మీడియేట్, కాలం అయిదేళ్ళు, మెట్టు 7" అని మూడు దారాలు కట్టి ఉంటే, ఆ యంత్రం బి.ఏ. కోసం వెతకనక్కరలేదు.

మీ పిల్లలను కొత్త పేరున్న కోర్సులో చేర్చేముందు మీరూ ఈ దారాలే చూడండి: చేరడానికి ఏ చదువు కావాలి, ఎన్నేళ్ళు, చివరకు చేతికి ఏ డిగ్రీ వస్తుంది, అది ఏ స్థాయిది? యు.జి.సి. 2014లో గెజిట్‌లో ప్రకటించిన డిగ్రీల జాబితాలో పేరుతోపాటు ఈ వివరాలూ ఉన్నాయి. ఫీజు కట్టకముందే ఒకసారి దానితో సరిచూసుకోండి.