తెల్లారకముందే కొండెక్కుతున్న సోలార్ దీపం

హోసూరు: తెల్లవారుజాము నాలుగు గంటలు. తళి, జవలగిరి పక్క పల్లెల్లో మంచు ముసురుకుంటే పది అడుగుల దూరంలో ఉన్న మనిషి కనిపించడు. పాలు పితకడానికి లేచేవాళ్లు, తోటల్లో రోజాలు కోయడానికి బయల్దేరేవాళ్లు, రాగి చేను కాడ మంచె మీద కావలి ఉన్నోళ్లు... అందరికీ వెలుగు కావాల్సిన గడియ అదే. సరిగ్గా ఆ గడియకే చేని గట్టున సోలార్ దీపం కొండెక్కుతుంది. ఎండాకాలమంతా తెల్లార్లూ వెలిగిన లైటే ఇది! 'చలికి బ్యాటరీ పోయింది' అని ఒకరు, 'సరుకే నాసిరకం' అని ఇంకొకరు తేల్చేస్తారు. చానాసార్లు రెండూ కాదు.

రాగి వెన్ను ముదిరే సరికి బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగుల మందలు తళి, జవలగిరి మీదుగా డెంకణికోట, సానమావు అడవుల్లోకి దిగడం ఏటా ఉండేదే. రాత్రి చేలల్లో మేసి, తెల్లారేలోగా అడవికి మళ్లుతాయి. మనిషి గడప దాటే వేళ, ఏనుగు అడవికి మళ్లే వేళ ఒకటే అవుతోంది. లైటు చూసి ఏనుగు బెదిరిపోతుందనుకుంటే పొరపాటు. నాలుగు రోజులు చూస్తే దానికీ అలవాటైపోతుంది. లైటు ఏనుగు కోసం కాదు, మన కోసం. దారిలో నల్లగా ఉన్నది బండరాయో, ఏనుగో దూరం నుంచే తెలియడానికి.

సోలార్ సరిగా పనిచేయలేదని మోటారు లైను నుంచి తీగ లాగేవాళ్లున్నారు. అది లైటుతో ఆగదు, కంచె దాకా పోతుంది. 2023 మార్చిలో పక్కనే ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర అక్రమంగా పెట్టిన కరెంటు తీగ తగిలి మూడు ఏనుగులు చచ్చిపోయాయి. రెండు గున్నలు మిగిలాయి. అట్లాంటి తీగ మనుషులకూ యమపాశమే. 12 ఓల్టుల సోలార్ లైటుతో ఆ గండం లేదు. కాబట్టి ఉన్న లైటును తెల్లార్లూ వెలిగేట్టు చూసుకోవడమే మేలు.

తప్పు చలిది కాదు

సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న హోసూరులో చలి ఎక్కువే. కృష్ణగిరి కిందుంది కాబట్టి అక్కడ కొంచెం నయం. అయితే ఈ చలి ప్యానెలుకు చేసే చెరుపేమీ లేదు. వేడెక్కిన ప్యానెలు కంటే చల్లగా ఉన్నదే ఎక్కువ కరెంటిస్తుంది. ఆమ్లం పోసే పాతరకం బ్యాటరీకి మాత్రం చలిలో సత్తువ పదో వంతు దాకా తగ్గొచ్చు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదంటారు కానీ ఆ చలి ఇక్కడికి రాదు.

అసలు దొంగ మబ్బు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే అటు కుప్పం, పలమనేరు నుంచి ఇటు వేపనపల్లి, సూళగిరి దాకా మూడు నాలుగు రోజులు పొద్దు కనిపించదు. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను బలహీనపడి ఇటు వచ్చినప్పుడు కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది. అట్లాంటప్పుడు ప్యానెలుకు తిండి ఎక్కడిది?

దానికి తోడు రాత్రి పొడుగు. జూన్‌తో పోలిస్తే డిసెంబరులో ఇక్కడ రాత్రి గంటన్నర ఎక్కువ. లెక్క వేసి చూస్తే సంగతి తేలిపోతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ పన్నెండున్నర గంటలు వెలిగితే రోజుకు 112 యూనిట్లు (ఇవి వాట్-గంటలు, కరెంటు బిల్లు యూనిట్లు కావు) కావాలి. 12 ఓల్టుల 40 ఏహెచ్ ఆమ్ల బ్యాటరీలో ఉండేది 480. అందులో సగమే వాడుకోవాలి, అంతకు మించి పిండితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. అంటే మబ్బు పట్టిన రెండు రాత్రులకే సరి. అదే రాత్రి పది దాటాక సగం వెలుగుకు తగ్గించుకుంటే రోజుకు 75 లోపే అవుతుంది, మూడో రాత్రి కూడా గట్టెక్కుతుంది. ఎవరైనా కదిలితేనే పూర్తిగా వెలిగే సెన్సర్ రకమైతే ఇంకా మంచిది. ఈ సర్దుబాటు చాలా లైట్లలో ముందే ఉంటుంది. పెట్టెలో వచ్చిన కాగితం చదవకుండా పారేయడమే వచ్చిన చిక్కు.

ఏప్రిల్లో లేని నీడ

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఏప్రిల్ చివర్లో హోసూరులో పొద్దు నడినెత్తికి వస్తుంది. అక్కణ్నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం పూట ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. డిసెంబరులో అట్ల కాదు, దక్షిణానికి బాగా వంగిపోతుంది. పది అడుగుల చెట్టు నీడ మిట్ట మధ్యాహ్నం కూడా ఏడడుగులు ఉత్తరానికి పడుతుంది, పొద్దున సాయంత్రం ఇంకా పొడుగు. ఎండాకాలంలో ఏ అడ్డూ లేదని చూసి నాటిన లైటు మీద దక్షిణాన ఉన్న నీలగిరి చెట్టో టెంకాయ చెట్టో చలికాలంలో నీడ పరుస్తుంది. ప్యానెల్లోని గళ్లు గొలుసులా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒక మట్ట నీడ రెండు గళ్ల మీద పడినా మొత్తం రాబడి పడిపోతుంది. కొమ్మ నరకండి, లేదా స్తంభం జరపండి.

ప్యానెలు ముఖం దక్షిణానికే ఉండాలి. ఏడాది పొడుగునా కదపకుండా ఉంచాలంటే 13 డిగ్రీల వాలు, చలికాలానికి మార్చుకునే వీలుంటే 25 నుంచి 28 డిగ్రీలు. వాలు ఎక్కువైతే మంచు నీరు కూడా నిలవదు. ప్యానెలు, దీపం ఒకే పెట్టెలో వచ్చే లైట్లతో తంటా ఏమిటంటే, రోడ్డు ఎటుంటే ప్యానెలూ అటే తిప్పేస్తారు!

తడి గుడ్డ చాలు

హోసూరు రహదారి దుమ్ము, కృష్ణగిరి పక్క గ్రానైటు క్వారీల పొడి ప్యానెలు మీద పడతాయి. మంచుకు తడిసి, ఎండకు ఆరి పొరలా కట్టేస్తాయి. వారానికోసారి పొద్దున్నే, ప్యానెలు వేడెక్కకముందు మెత్తటి తడి గుడ్డతో తుడిస్తే చాలు. సబ్బు పొడి, పీచు వద్దు. బోరు నీళ్లు పోసి అట్లే వదిలేస్తే తెల్లటి ఉప్పు మచ్చలు పడతాయి. పట్టి ఉంచిన వాన నీళ్లు శ్రేష్ఠం. ఆమ్ల బ్యాటరీలో నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఆమ్లం పోయకూడదు. తీగలు బిగించే చోట తెల్లగా పొక్కు కట్టి ఉంటే గీకి, బిగించి, వాజిలిన్ రాయాలి.

లైటును మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లే ముందు ఒక పని చేసి చూడండి. మధ్యాహ్నం పూట ప్యానెలు మీద గోనె పట్టా కప్పండి. కాసేపటికి దీపం వెలిగిందంటే బల్బు, సెన్సర్ బాగున్నట్టే. మూడు గంటలకే ఆరిపోవడానికి చార్జింగే కారణం. రెండు రోజులు దీపం ఆపేసి, నికరంగా ఎండ తగలనివ్వండి. అప్పటికీ నిలబడకపోతే బ్యాటరీ ముసలిదైందన్నమాట. దాన్ని చేలో పగలగొట్టొద్దు, ఆమ్లం బావి గట్టున పోయొద్దు. కొత్తది కొనే అంగడికే ఇస్తే సీసం విలువ కట్టి, ఆ మేరకు ధర తగ్గిస్తారు.