అమ్మ మళ్లీ బడికెళ్లింది

"అమ్మకి రాదు. నాతో చెప్పండి."

తొమ్మిదేళ్ల మా బాబు, ఒళ్లు కాలిపోతున్న జ్వరంలో డాక్టరుగారితో అన్న మాట అది. స్పానిష్‌లోనే అన్నాడు. ఆ రెండు ముక్కలూ నాకు అర్థమయ్యాయి. అర్థం కాకపోయినా బావుండేదేమో!

మావారికి పరిశోధన పనిమీద ఏడాదిపాటు స్పెయిన్‌లోని సలమాంకాలో ఉండే అవకాశం వస్తే ముగ్గురం బయల్దేరాం. మాడ్రిడ్ నుంచి బస్సులో రెండున్నర గంటలు. మావారికి ఆఫీసులో ఇంగ్లీషుతో సరిపోయేది. బాబు బళ్లో చేరిన మూడు నెలలకే గలగలా మాట్లాడేశాడు. ఎటూ కాకుండా మిగిలింది నేనే.

ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరుగారు జ్వరం ఎప్పట్నుంచని అడిగారు. వాడు నన్నడిగి చెప్పాడు. రాత్రి ఏం మందు వేశారన్నారు. మళ్లీ నన్నడిగి చెప్పాడు. చివరికి ఎన్ని గంటలకోసారి ఎంత మందు పట్టాలో నాకు అప్పజెప్పింది కూడా ఆ జ్వరమొచ్చిన పిల్లాడే. ఇంటికొచ్చాక వాడు నిద్రపోయాడు. నేను వంటింట్లో నిలబడి కళ్లు తుడుచుకున్నాను. తెలుగులో కథలు రాస్తానని నలుగురిలో చెప్పుకునేదాన్ని, బిడ్డకేమైందో చెప్పడానికి నాలుగు మాటలు లేవు!

"ఫోను అనువాదం చేసి పెడుతుందిగా" అన్నారు మావారు. నిజమే. కూరగాయల కొట్టులో పనికొచ్చింది కూడా. కానీ కంగారులో ఉన్న తల్లి ఫోను ముందు ఒక్కో మాటా విడమరిచి చెప్పి, అదేమంటుందోనని ఎదురుచూడటం అనుభవిస్తేగానీ తెలియదు. మర్నాడే విదేశీయులకు స్పానిష్ నేర్పే క్లాసులో పేరిచ్చాను.

రెండు ఇంటిపేర్లు

అప్లికేషనులో ఇంటిపేరుకి రెండు గళ్లున్నాయి. అక్కడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు. ఒకటి తండ్రివైపుది, రెండోది తల్లివైపుది. పెళ్లయినా ఆడవాళ్లు ఇంటిపేరు మార్చుకోరు. విదేశీయులు రెండో గడి ఖాళీగా వదిలెయ్యొచ్చన్నారు. వదిలేశాను. కానీ దారంతా అదే ఆలోచన. ఆ గడిలో ఉండాల్సింది మా మేనమామల ఇంటిపేరు. పెళ్లయ్యాక అమ్మ దాన్ని ఎక్కడైనా రాసి ఉంటుందా?

మర్నాడు హాజరు పిలిచేటప్పుడు టీచరు నా పేరు చదివింది. ఫలానావారి భార్య కాదు, ఫలానా పిల్లాడి తల్లీ కాదు, ఒట్టి నా పేరు. డిగ్రీ తర్వాత ఇన్నేళ్లకి మళ్లీ "ఉన్నాను" అన్నాను!

ఇక ఆ ఊరు చూస్తే చదువుకోడానికే కట్టినట్టుంటుంది. 1218లో పెట్టిన విశ్వవిద్యాలయం. స్పానిష్ భాషకి మొదటి వ్యాకరణం 1492లో రాసిన నెబ్రిహా ఇక్కడ పాఠాలు చెప్పినవాడే. విశ్వవిద్యాలయం రాతి ముఖద్వారం మీద చెక్కడాల మధ్య ఓ పుర్రె, దానిమీద కప్ప ఉంటాయి. ఆ కప్పని ఎవరి సాయం లేకుండా కనిపెట్టిన విద్యార్థి పరీక్ష పాసవుతాడని నమ్మకం. నాకు బాబు చూపించాడు. అంటే నా పాసు సంగతి అనుమానమే అనుకున్నాను!

రోజు ఇలా గడిచేది

పొద్దున్నే బాబుని బళ్లో దింపి, తొమ్మిదింటికల్లా క్లాసులో ఉండేదాన్ని. జపాన్ అమ్మాయిలిద్దరు, ఓ బ్రెజిల్ అమ్మాయి, జర్మనీ కుర్రాళ్లు ముగ్గురు. అందరికంటే పెద్దదాన్ని నేనే. మధ్యలో విరామం. ఆ కాసేపూ కాఫీ, బంగాళాదుంపలూ గుడ్లూ కలిపి మందంగా వేసిన అట్టు ముక్క. ఒంటిగంటకి క్లాసయితే, రెండింటికి బాబుని తీసుకుని ఇంటికి. అక్కడ మధ్యాహ్నం భోజనం రెండు దాటాకే. చాలా కొట్లు రెండు నుంచి అయిదు దాకా మూసేస్తారు. రాత్రి భోజనం తొమ్మిదింటికో పదింటికో. మొదట్లో మా కడుపులు ఒప్పుకోలేదు.

వంట విషయంలో మాత్రం అదృష్టవంతురాలిని. ఆ ఊరి పక్కనే ఆర్మూన్యా అనే ప్రాంతం. అక్కడి మసూరు గింజలు స్పెయిన్‌లో పేరుపడ్డవి. వాటితో చక్కగా పప్పు వండేదాన్ని. అది పొయ్యిమీద ఉడుకుతుంటే బల్లమీద తల్లీకొడుకులం హోంవర్కు. వాడిది వాడు చేసుకుని నాది దిద్దేవాడు. "అమ్మా, మళ్లీ తప్పు!" అని వాడంటుంటే, నేను వాడి లెక్కల పుస్తకం మీద ఎన్నిసార్లు అలా విసుక్కున్నానో గుర్తొచ్చేది.

తెలుగే నిచ్చెన

మొదటి నెలంతా ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులో అనుకుని స్పానిష్‌లోకి మార్చేదాన్ని. ఏదీ కుదిరేది కాదు. ఒకరోజు "నాకు కాఫీ ఇష్టం" అనే వాక్యం వచ్చింది. స్పానిష్‌లో "మే గుస్తా ఎల్ కఫే". 'నేను' అని మొదలుపెట్టకూడదు, 'నాకు' అనాలి అని టీచరు చెబుతుంటే జర్మనీ కుర్రాళ్లు తలలు పట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది. మనం పుట్టినప్పట్నుంచీ అలాగే కదా అంటున్నాం!

ఆ రోజు నుంచి ఇంగ్లీషుని పక్కనబెట్టి తెలుగులో ఆలోచించడం మొదలుపెట్టాను. అందరినీ ఏడిపించే సేర్, ఎస్తార్ అనే రెండు క్రియలున్నాయి. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే 'ఈజ్'. మనం "ఆవిడ టీచరు" అంటాం, 'ఉంది' అక్కర్లేదు. "ఆవిడ వంటింట్లో ఉంది" అంటాం, 'ఉంది' లేకపోతే కుదరదు. మనం 'ఉంది' వాడనిచోట సేర్, వాడేచోట ఎస్తార్. అన్నిసార్లూ కాకపోయినా చాలాసార్లు ఈ కొండగుర్తు నన్ను గట్టెక్కించింది.

నువ్వు, మీరు అన్నట్టే వాళ్లకీ తూ, ఉస్తేద్ ఉన్నాయి. కాకపోతే పక్కింటి పెద్దావిడని మర్యాదగా ఉస్తేద్ అంటే, "నన్ను ముసలిదాన్ని చేస్తావా, తూ అను" అని కోప్పడింది. పేరో అంటే 'కానీ'. పెర్రో అంటే కుక్క. మనం పుస్తకాల్లో వదిలేసిన బండి ఱని గట్టిగా దొర్లిస్తే ఆ రెండోది వస్తుంది. నాకు కష్టమైందల్లా లింగాలే. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. సమస్య అనే మాట కూడా పుంలింగమేనట! ఆ ఒక్కటీ క్లాసులో ఆడవాళ్లందరికీ వెంటనే గుర్తుండిపోయింది.

పొరపాట్లకి లెక్కలేదు. ఓ రోజు క్లాసుకి ఆలస్యంగా వెళ్లి, బాగా అలిసిపోయానని చెప్పబోయి 'కన్సాదా' అనాల్సింది 'కసాదా' అన్నాను. దానర్థం 'పెళ్లయినది'. అంటే "నేను బాగా పెళ్లయి ఉన్నాను" అన్నానన్నమాట! టీచరు నవ్వాపుకుని, "రెండూ ఒకటేలే" అంది. ఆవిడకీ పెళ్లయింది.

మార్కెట్లో వరస కట్టి నిలబడరు. కొత్తగా వచ్చినవాళ్లు "లా ఉల్తిమా?", అంటే "చివరావిడ ఎవరు?" అని అడగాలి. ఆవిడ తర్వాత మన వంతు. నోరు విప్పడానికి బిడియపడి నేను నిలబడే ఉంటే, నా తర్వాత వచ్చినవాళ్లు కొనుక్కుని వెళ్లిపోయేవారు. ఓ శనివారం ధైర్యం చేసి అడిగాను. ఎవరో "నేనే" అన్నారు. కాసేపటికి ఇంకొకావిడ వచ్చి అదే అడిగితే, "నేనే" అన్నాను. ఆ దేశంలో నేను ఎవరికైనా జవాబు చెప్పడం అదే మొదటిసారి.

రాణికీ తప్పలేదు

ముప్పయ్యేడేళ్లప్పుడు ఈ చదువేమిటని దిగులేసినప్పుడల్లా ఇసబెల్ రాణి కథ తలుచుకునేదాన్ని. పిల్లల తల్లయ్యాకే ఆవిడ లాటిన్ నేర్చుకుంది. నేర్పిన పంతులమ్మ బెయాత్రిస్ గలిందో 15వ శతాబ్దంలో ఈ సలమాంకాలోనే పుట్టింది. లాటిన్‌లో ఆమె పాండిత్యానికి 'లా లతీనా' అని పిలిచేవారు. మాడ్రిడ్‌లో ఓ పేటకి ఇప్పటికీ ఆ పేరే.

పిల్లల కోసమో, భర్త ఉద్యోగం వల్లో పరాయి దేశం వెళ్లబోయేవాళ్లకి ఒక్క మాట. "నాలుగు రోజులాగి నేర్చుకుందాంలే" అనుకోకండి. పిల్లలు తొందరగా నేర్చేస్తారు, మన తరఫున మాట్లాడేస్తారు. వాళ్లకది ముద్దుగానే ఉంటుంది. మనకే, తెలియకుండా తల్లి పెత్తనం జారిపోతుంది. తప్పులు మాట్లాడితే నవ్వుతారని భయపడకండి. నవ్వినవాళ్లే సరిచేస్తారు.

చలికాలంలో బాబుకి దగ్గు పట్టుకుంది. మళ్లీ ఆ డాక్టరుగారి దగ్గరికే వెళ్లాం. అలవాటుగా వాడు నోరు తెరవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. అయిదు రోజులుగా దగ్గు, రాత్రిళ్లు ఎక్కువ, జ్వరం లేదు, ఫలానా మందు వేశాను అని తడబడుతూనే చెప్పాను. ఆవిడ వాడివైపు చూడలేదు. నావైపే తిరిగి, నన్నే అడిగి, మందు ఎలా వాడాలో నాకే చెప్పింది.

బయటికొచ్చాక వాడు నా చెయ్యి లాగాడు.

"అమ్మా, 'ఎల్' కాదు, 'లా' అనాలి. దగ్గు స్త్రీలింగం."

"ఏ లింగమైతేనేంరా, డాక్టరుగారికి అర్థమైందిగా! పద, మందుల కొట్టు మూసేస్తారు" అన్నాను.