ఇంజన్ కంటే ముందు ఇనుము: బోర్సిగ్, విశ్వేశ్వరయ్య

రైలింజన్లను విదేశాల నుంచి తెప్పించుకునే స్థితి నుంచి స్వయంగా తయారు చేసుకునే స్థితికి జర్మనీని చేర్చినవారిలో ఆగస్ట్ బోర్సిగ్ ముఖ్యులు. 1804లో బ్రెస్లావ్ నగరంలో వడ్రంగి కుటుంబంలో పుట్టిన ఆయన, 1837లో బెర్లిన్‌లో పోత కర్మాగారాన్ని, అంటే కరిగించిన ఇనుమును అచ్చుల్లో పోసి యంత్రభాగాలు చేసే శాలను నెలకొల్పి, అమెరికా నమూనా ఆధారంగా 1841 నాటికి తొలి ఇంజన్‌ను పట్టాలెక్కించారు. ఇనుము కోసం ఇంగ్లండుపై ఆధారపడటం ఇష్టంలేక మోఆబిట్‌లో సొంత ఇనుప కర్మాగారాన్ని కూడా నిర్మించుకున్నారు. 1854లో, అంటే ఆయన మరణించిన ఏడాదే, అయిదు వందలవ ఇంజన్ సిద్ధమైంది.

ఇక మన దేశానికి వస్తే, చిక్కబళ్లాపురం సమీపంలోని ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన బోర్సిగ్‌లాగా కర్మాగార యజమాని కారు, ప్రభుత్వ ఇంజనీరు. అయినా ఇద్దరి ఆలోచనా ఇనుము దగ్గరే కలుస్తుంది. 1912 నుంచి 1918 వరకు ఆయన మైసూరు దివానుగా ఉన్న కాలంలోనే బంగారుపేట, కోలారు, చింతామణి, చిక్కబళ్లాపురాలను కలిపే న్యారోగేజి మార్గం, అంటే పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే ఉండే చిన్న రైలుమార్గం, రూపుదిద్దుకుంది. ఖర్చు తక్కువన్నదే ఆ కొలత ఎంపికకు కారణం.

పట్టాలు పరిస్తే చాలదని విశ్వేశ్వరయ్యకు స్పష్టంగా తెలుసు. అందుకే కెమ్మణ్ణుగుండి ఖనిజంతో భద్రావతిలో ఇనుము తీసే కర్మాగారానికి పూనుకున్నారు. దగ్గరలో బొగ్గు గనులు లేనందున అడవి కట్టెను గాలి తగలకుండా కాల్చి కట్టెబొగ్గు చేయడం, ఆ క్రమంలో వెలువడే ఆవిరిని చల్లార్చి కట్టె సారాయి వంటి రసాయనాలను రాబట్టడం అక్కడి విశేషం. 1923లో ఉత్పత్తి మొదలైంది. తొలినాళ్ల కష్టాల్లో ఆయనే అధ్యక్షుడిగా దాన్ని నడిపించారు. ఆ కర్మాగారాన్ని లాభనష్టాల లెక్కతో మాత్రమే తూచడం అన్యాయం, ఎందుకంటే అక్కడ ఇనుముతోపాటు పనివారి నైపుణ్యమూ తయారైంది. 1917లో బెంగళూరులో ఇంజనీరింగ్ కళాశాల స్థాపించడమూ అదే దూరదృష్టి ఫలితం.

స్వతంత్ర భారతదేశపు చిత్తరంజన్ కర్మాగారం తన తొలి ఆవిరి ఇంజన్‌ను 1950 నవంబరులో పట్టాలెక్కించే నాటికి, విశ్వేశ్వరయ్య తొంభై ఏళ్లకు చేరువలో ఉన్నారు.