మోకాళ్ళ నొప్పికి గేర్ల సైకిలు మందా?

ఆ మధ్య మా ఆస్పత్రికి నలభై ఎనిమిదేళ్ళ గుమాస్తా ఒకాయన వచ్చాడు. ఆఫీసుకు రోజూ సైకిలే. రోడ్డంతా చదునే. అయినా రెండు మోకాళ్ళూ నొప్పి. "గేర్ల సైకిలయితే శ్రమ సగం తగ్గుతుందటగా డాక్టరు గారూ? అప్పు చేసైనా కొనమంటున్నాడు మావాడు" అన్నాడు.

ఈ సందేహం మీలోనూ చాలామందికి ఉండవచ్చు.

గేరు శ్రమను మింగెయ్యదు. మీ బరువూ, సైకిలు బరువూ కలిసి 80 కిలోలనుకోండి. పది మీటర్ల మిట్ట ఎక్కాలంటే ఆ 80 కిలోలనూ పైకి చేర్చే పని ఏ సైకిలుకైనా ఒక్కటే. గేరు చేసేదల్లా ఆ బాకీని చిన్న చిన్న వాయిదాల్లో తీర్చుకోనివ్వడమే.

మన పాతరకం సైకిళ్ళకు సాధారణంగా ముందు చైన్‌వీలుకు 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్లకు పైగా పోతుంది. నిమిషానికి 50 చుట్లు తొక్కితే గంటకు 16 కిలోమీటర్లు! కాకినాడ వంటి చదును ఊళ్ళో ఇంతకన్నా ఏం కావాలి? పైగా చైను తిన్నగా నడుస్తుంది గనుక రాపిడికి పోయే శక్తి కూడా కొంచెం తక్కువే.

విశాఖపట్నం మిట్టల సంగతి వేరు. అక్కడ వేగం ఆరేడు కిలోమీటర్లకు పడిపోతే, ఒకే పళ్ళచక్రమున్న సైకిలు పెడళ్ళు నిమిషానికి ఇరవై చుట్లే తిరుగుతాయి. ఒక్కొక్క తొక్కుకీ మోకాలిచిప్ప మీద భారం పెరుగుతుంది. ముందూ వెనకా పళ్ళు సమానంగా ఉండే గేరు వేస్తే అదే వేగానికి కాళ్ళు 50 చుట్లు తిరుగుతాయి. తొక్కే బలం సగానికన్నా తక్కువ చాలు. మోకాళ్ళకు ఇది నిజమైన మేలే. కాని గుండెకూ, ఊపిరికీ పని తగ్గదు. గుండెజబ్బున్నవారు గేర్లను నమ్ముకుని, వైద్యుని అడక్కుండా మిట్టలు ఎక్కవద్దు. దిగి నడిపించుకుపోవడం నామోషీ కాదు.

ఇంతకీ మన గుమాస్తా నొప్పికి కారణం? బయటికి వెళ్ళి ఆయన సైకిలు చూశాను. సీటు బాగా కిందికి ఉంది. చైను తుప్పు పట్టింది. టైర్లలో గాలి చాలదు. సీటు కిందికి ఉంటే మోకాలు అతిగా ముడుచుకుని, చిప్ప తొడ ఎముకకు ఒత్తుకుంటుంది.

మీరూ చూసుకోండి. సీటు మీద కూర్చుని, కిందికి వచ్చిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం ఆనించండి. మోకాలు కొద్దిగా వంగితే చాలు. చైను తుడిచి నూనె వెయ్యండి. వారానికోసారి గాలి చూసుకోండి.

మోకాలు వాచినా, పట్టేసినా, రాత్రిళ్ళు నొప్పి నిద్ర పట్టనివ్వకపోయినా వైద్యునికి చూపించండి. తొక్కుతుండగా గుండెల్లో నొప్పి వస్తే వెంటనే దిగి ఆస్పత్రికి వెళ్ళండి.

నెల తర్వాత ఆ గుమాస్తా మళ్ళీ కనిపించాడు. నొప్పి చాలావరకు తగ్గిందన్నాడు. అప్పు చెయ్యలేదు. ఆయనకు ఖర్చయింది కాస్త నూనె, రెండు టైర్ల గాలి!