తాటియాకు మొదలు ఫ్లాపీ వఱకు

విద్యార్థులారా, కంప్యూటరుపై వ్రాసిన పాఠమును భద్రపఱచుటకై మీరు నొక్కెడు గుర్తును ఎన్నడైన గమనించితిరా? అది యొక చిన్న చదరపు పలక బొమ్మ. ఆ పలక యేమో మీలో పెక్కుమంది యెఱుగరు. మీ తల్లిదండ్రులు ఎఱుగుదురు. దాని పేరు ఫ్లాపీ. వస్తువు వాడుకనుండి తొలగిపోయినను దాని బొమ్మ మాత్రము తెరపై నిలిచియున్నది. అట్టి పాతవస్తువులను తలంచుకొని పెద్దలు ఏల నిట్టూర్చుదురో, ఆ నిట్టూర్పునందు మనము నేర్వదగిన పాఠమేమో ఈ వ్యాసమున వివరింప నుద్దేశించితిమి.

ఫ్లాపీ యనగా పలుచని ప్లాస్టిక్ బిళ్ల. దానిపై ఇనుప తుప్పు వంటి పొడి పూయబడి యుండును. యంత్రములోని చిన్న తల ఆ పొడియందు అయస్కాంతపు గుర్తులను వ్రాయును. మరల వానిని చదువును. 1971లో ఐ.బి.ఎం. కంపెనీవారు ఎనిమిది అంగుళముల ఫ్లాపీని వెలువరించిరి. 1981లో సోనీ కంపెనీవారు గట్టి తొడుగు గల మూడున్నర అంగుళముల ఫ్లాపీని తెచ్చిరి. తరువాత మిక్కిలి వ్యాప్తిలోనికి వచ్చిన రకమునందు 1.44 మెగాబైట్లు మాత్రమే పట్టును. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రము ఒక్కటియైనను తఱచు అందులో ఇముడదు. అయినను ఆ స్వల్పమైన చోటునందే ప్రశ్నపత్రములును, మార్కుల పట్టికలును, ఉత్తరములును ఇమిడెడివి. చోటు కొంచెము గనుక ఏది దాచవలెనో, ఏది విడువవలెనో మనుష్యుడు ముందుగా ఆలోచించెడివాడు. పైని చీటి యంటించి పేరు వ్రాసెడివాడు. దాచినది చేతికి తగిలెడిది. పెద్దల నిట్టూర్పునకు ఇది యొక కారణము. 2011లో సోనీవారును ఫ్లాపీల విక్రయమును మానివేసిరి.

ఫ్లాపీకి అన్నవంటిది క్యాసెట్టు. దీనిని 1963లో ఫిలిప్స్ కంపెనీవారు లోకమునకు చూపిరి. పొడి అట్టిదే, బిళ్లకు మారుగా సన్నని పొడవైన టేపు. 1980 ప్రాంతమున చవుక కంప్యూటర్లు తమ ప్రోగ్రాములను పాటల క్యాసెట్టునందే దాచుకొనెడివి. మన అరకు లోయయందును, చుట్టుప్రక్కల కొండలయందును, కరెంటు లేని పల్లెలకు సైతము బ్యాటరీలతో నడుచు టేపురికార్డరు చేరెను. ధింసా పాటలు, పెండ్లి పాటలు, క్రైస్తవ కీర్తనలు, వృద్ధులు చెప్పిన కథలు దానియందు నిలిచెను. టేపు వదులైనపుడు చక్రపు రంధ్రములో పెన్సిలు దూర్చి త్రిప్పిన చేతులు ఈ పుటలను చదువు తల్లిదండ్రులలో ఎన్నియో కలవు.

అంతకు పూర్వము గ్రామఫోను రికార్డు ఉండెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ నల్లని పళ్లెమును రాతిపొడితో లక్కను కలిపి చేసెడివారు. లక్క యనగా మోదుగ, రేగు మున్నగు చెట్లకొమ్మలపై చిన్న పురుగులు స్రవించు బంక. లోకమునకు లక్కను విశేషముగా పంపినది మన దేశపు అడవులే. కావున పట్టణములలోని సంగీత విద్వాంసుల గానము అడవిజనులు సేకరించిన బంకపై నిలిచినదని చెప్పవచ్చును. పిమ్మట 1939లో జాయ్ రిడ్డర్‌హాఫ్ అను అమెరికా మిషనరీ దొరసానిగారు, చదువెఱుగని జనులకు వారి వారి భాషలలోనే సువార్తను వినిపింపవలెనని రికార్డులు చేయు సంఘమును స్థాపించిరి. ఆ సంఘమువారు కరెంటు గాని బ్యాటరీ గాని అక్కఱలేని అట్టపెట్టె గ్రామఫోనును సయితము పంచిపెట్టిరి. పెన్సిలుతో రికార్డును త్రిప్పిన యెడల అది పలికెడిది.

పాతది పోయి క్రొత్తది వచ్చుట లోకసహజము గదా, దీనికై వగచుట యేలయని చదువరులు అడుగవచ్చును. వస్తువు పోయినందుకు వగవ పనిలేదు. దానియందు దాచినది దానితో కూడ పోవుచున్నదా యనునదే ప్రశ్న.

మన పూర్వులు తాటియాకుపై గంటముతో గీచి, గీతలయందు మసి పూసి గ్రంథములు వ్రాసిరి. ఆ యాకును చదువుటకు వెలుతురును, కన్నులును, అక్షరజ్ఞానమును చాలును. క్యాసెట్టు, ఫ్లాపీ అట్టివి కావు. వానిని చదువుటకు యంత్రము వలయును; యంత్రము దొరకనిచో అవి చెడకున్నను మూగవగును. ఇంగ్లండు దేశమున 1086లో రాజాజ్ఞచే వ్రాయబడిన డూమ్స్‌డే గ్రంథము తోలుకాగితముపై నుండుటచే నేటికిని చదువ వీలగుచున్నది. దాని 900 యేండ్ల పండుగకై 1986లో బి.బి.సి. వారు పది లక్షలకు పైబడిన జనులచే, అందు అనేకులగు బడిపిల్లలచే, తమ తమ ఊళ్ల వృత్తాంతములు వ్రాయించి లేజరు పళ్లెములపై నెక్కించిరి. పదునాఱేండ్లు గడచునప్పటికి ఆ పళ్లెములను చదువు యంత్రములు అరుదైపోయెను. 2002లో పండితులు ఆ పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రామును శ్రమపడి వ్రాసి ఆ సమాచారమును కాపాడవలసి వచ్చెను.

యంత్రము దొరకినను పదార్థము నిలువదు. వానకాలపు తేమకు టేపుపై బూజు పట్టును. పొడిని అంటించిన జిగురు మెత్తనై యూడివచ్చును. ఇండ్లలో వ్రాసికొను సీడీయందలి రంగు ఎండకు వెలియును. పెన్‌డ్రైవునందలి విద్యుత్తు ఏండ్లు గడచినకొలది మెల్లగా జారిపోవును. తాటియాకును పురుగు తినును. అట్లయిన పూర్వుల మాటలు మనవఱకు ఏల వచ్చెను? ఒకడు వ్రాసినదానిని మఱియొకడు మరల వ్రాయుచు వచ్చెను గనుక. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు పండితులకును వ్రాయసగాండ్రకును జీతమిచ్చి, శిథిలమగుచున్న తాళపత్రములను కాగితములపైకి ఎత్తివ్రాయించిరి. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించిరి. రాజు యిర్మీయా గ్రంథపుచుట్టను కోసి అగ్నిలో వేయగా, బారూకు మఱియొక చుట్టయందు ప్రవక్త నోటిమాటలను తిరిగి వ్రాసెనని పరిశుద్ధ గ్రంథమునందు చదువుచున్నాము.

ఈ సంగతి ఇతరులకంటె మన కొండలవారికి ఎక్కువ ముఖ్యము. తెలుగు మాటకు వేలకొలది పుస్తకములు కాపుగా నున్నవి. కువి, కొండ, గదబ, పోర్జ మున్నగు మన భాషలకు అట్టి కాపు లేదు. అవి చాలవఱకు నోటనే బ్రదుకుచున్నవి. గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రమించి సవర భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూబి యనబడు కొండ భాషకు కథలు, వ్యాకరణము, పదములు గల గ్రంథమును 1969లో వెలువరించిరి. అవి అచ్చులో నున్నవి గనుక నిలిచినవి. ఇంటింటి ట్రంకుపెట్టెలలో నున్న క్యాసెట్టులందలి అవ్వల తాతల మాటలకు మఱియొక ప్రతి లేదు. ఆ పెద్దలలో పలువురు ఇప్పుడు లేరు. ఆ టేపు మూగయైనచో వారి కంఠము రెండవమాఱు పోవును.

కావున ఈ సెలవులలో విద్యార్థులు చేయదగిన పని యొకటి కలదు. ముందుగా ఇంటి పెద్దల అనుమతి పొంది క్యాసెట్టులను వెదకవలెను. పొరపాటున పైని మఱియొకటి రికార్డు కాకుండ వెనుక అంచుననున్న రెండు చిన్న పలుకులను విఱువవలెను. బూజు పట్టినదానిని, అంటుకొనిపోయినదానిని బలవంతముగా త్రిప్పరాదు, తెలిసినవారికి చూపవలెను. మంచిదానిని టేపురికార్డరులో పెట్టి, తీగతో కంప్యూటరునకు కలిపి ఎక్కింపవలెను. అఱువది నిమిషముల క్యాసెట్టునకు అఱువది నిమిషములు పట్టును, తొందర పనికిరాదు. పలికినవారి పేరు, గ్రామము, భాష, సంవత్సరము తెలిసినంతవఱకు కాగితముపై సిరాతో వ్రాసి యుంచవలెను. ప్రతులు మూడు చేసి, ఒకటి ఇంటను, ఒకటి బంధువులయింటను, ఒకటి బడియందును ఉంచుట మేలు. కొన్ని యేండ్లకొకసారి వానిని అప్పటి క్రొత్త సాధనముపైకి మార్చుచుండవలెను. ఆ పాటయందలి మాటలను విని తెలుగు లిపిలో వ్రాసికొనినయెడల అన్నిటికంటె ఉత్తమము. దానికి యంత్రముతో పనిలేదు.

తల్లిదండ్రులకు మా మనవి: పాతపెట్టెను తుక్కువానికి ఇచ్చుటకు ముందు ఒక్కమాఱు తెరచి చూడుడు. పలుకు టేపురికార్డరు ఊరికొక్కటి మిగిలియున్నను చాలును, పని నెఱవేరును. అదియును పోయిన పిమ్మట మన యాశ యెంతయున్నను ఫలము లేదు.