యార్డులో ఎన్ని గజాలు?



ఎనుమాములలో 'యార్డు' తెలియని ఇల్లుండదు. యార్డుకు పోయొస్తానంటే పత్తి, మిర్చి అమ్మే మార్కెట్ అని మీ పాపకూ తెలుసు. మరి లెక్కల పుస్తకంలో యార్డు అంటే మూడడుగులని చదివితే? "అంత పెద్ద యార్డు మూడడుగులేనా?" అని అడుగుతుంది. కసురుకోకండి, మంచి ప్రశ్నే.

నిజానికి ఇవి రెండు వేరు మాటలు. మార్కెట్ యార్డుకు మూలమైన పాత ఇంగ్లిష్ మాటకు కంచె వేసిన చోటని అర్థం. ఫ్రెంచి మీదుగా వచ్చిన గార్డెన్ దానికి చుట్టమే. ఆర్చర్డ్ అనే మాట చివర దాగున్నదీ అదే. కొలత యార్డుకు మూలం వేరు: కర్ర, బద్ద. ఓడలో తెరచాప కట్టే అడ్డకర్రను ఇప్పటికీ యార్డ్ అనే అంటారు. కాలక్రమంలో రెండు మాటల పలుకూ ఒకటైపోయింది. ఆ కొలతను 0.9144 మీటర్లుగా ఆరు దేశాలు ఖాయం చేసుకున్నది మాత్రం 1959లోనే.

మనకూ ఇలాంటివున్నాయి. ప్లాటు కొనేటప్పుడు మీరడిగే గజం పారశీకం నుంచి వచ్చింది. గజరాజులోని గజం సంస్కృతపు ఏనుగు!

మాటకు ఒకే అర్థం చొప్పున బట్టీపట్టిన పిల్లలు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. విశాఖ షిప్‌యార్డును 'ఓడ గజం' అని రాసేస్తారు. అందుకే మీ పాప ఏదైనా మాటకు అర్థం అడిగితే, అది ఏ వాక్యంలో ఉందో ముందు చదివి వినిపించమనండి.