చార చదివి జోడీ కొనండి
ఏంజెల్ చేపల రంగు గుర్తుపట్టడంలో పొరబడితే విడత మొత్తం కలగాపులగం ధరకే

పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు కట్టుకుని రంగుచేపలు పెంచుదామనుకుంటున్నారా? అందులోనూ ఏంజెల్ చేపను ఎంచుకున్నారా? అయితే తల్లిచేపల కోసం బస్సెక్కే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

మేత తప్పితే మర్నాడు సరిచేసుకోవచ్చు. నీళ్లు చెడితే మార్చుకోవచ్చు. తల్లిచేపల రంగు విషయంలో పొరబడితే మాత్రం అది అంత తొందరగా బయటపడదు. పిల్లలుగా తెచ్చినవి గుడ్లకు రావడానికి ఎనిమిది నుంచి పన్నెండు నెలలు పడుతుంది. వాటి పిల్లల రంగు స్పష్టంగా తేలడానికి మరికొన్ని వారాలు. అంటే ఏడాది మేత, ఏడాది చాకిరీ పెట్టాక గానీ అసలు సంగతి తెలియదు. దుకాణదారేమో ఒకే రంగు, ఒకే సైజు పిల్లలు కావాలంటాడు. నాలుగు రంగులు కలిసిన విడతను తక్కువ ధరకే అడుగుతాడు.

ముందు సిల్వర్‌ను గుర్తుపట్టండి

ఏంజెల్ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడి చేప వెండి రంగులో ఉంటుంది. ఒంటిమీద నిలువు నల్లచారలు ఉంటాయి. కంటిమీదుగా ఒకటి, మొప్ప వెనక ఒకటి, పైరెక్క నుంచి కింది రెక్క దాకా సాగే పెద్దచార ఒకటి, తోక మొదట్లో మరొకటి. మార్కెట్లో దీన్నే సిల్వర్ అంటారు. మిగతా రంగులన్నీ ఈ చేప నుంచి తొట్లలో ఏరి పెంచినవే. కాబట్టి సిల్వర్ మీ కంటికి బాగా అలవాటైతే తక్కిన వాటిని పోల్చుకోవడం తేలిక.

* చారలు ఎక్కువగా ఉండి, తోకమీద కూడా గీతలుంటే జీబ్రా.
* చారలు తెగిపోయి, నల్లమరకలు అడ్డదిడ్డంగా పాకి ఉంటే మార్బుల్.
* చారల్లేకుండా వెండి మెరుపుతో, అక్కడక్కడ ఒక నల్లమచ్చతో ఉంటే ఘోస్ట్.
* నల్లచారలు లేక, ఒళ్లు లేతపసుపుగా, నెత్తి బంగారు రంగుగా ఉంటే గోల్డ్.
* ఒళ్లంతా పొగచూరినట్టు ఉండి, ఆ నలుపులోంచి చారలు కనబడుతుంటే బ్లాక్ లేస్.
* చారే కనబడనంత నిండు నలుపైతే బ్లాక్.
* తెలుపు, నలుపు, నారింజ మచ్చలు కలిసి ఉంటే కోయి. ఆ రంగులున్న జపాన్ కోయి చేపల పేరే దీనికీ పెట్టారు.

‘వెయిల్’ అన్న మాట రంగుకు సంబంధించింది కాదు. అది రెక్కల పొడవును చెబుతుంది. ఏ రంగులోనైనా వెయిల్ ఉండవచ్చు.

బెదిరితే రంగు మారుతుంది

సంచిలోంచి అప్పుడే వదిలిన చేపను చూసి బేరం ఖాయం చేయకండి. బెదిరినప్పుడు, రాత్రి చీకట్లో ఏంజెల్ చారలు వెలిసిపోతాయి. అప్పుడు సిల్వర్ కూడా ఘోస్టులాగే కనబడుతుంది. గొడవపడేటప్పుడు అవే చారలు ముదురుతాయి. తొట్టి దగ్గర కదలకుండా పావుగంట నిలబడండి. చేప కుదుటపడి మేతకు వచ్చాక చారలు లెక్కపెట్టండి. పగటి వెలుతురులో చూడటమే మంచిది.

పైన ఒక రంగు, లోపల ఇంకొకటి

హైబ్రిడ్ మొక్కజొన్న గింజలు దాచి మళ్లీ వేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. చేను ఒక్క తీరుగా రాదు. ఏంజెల్ చేపలోనూ అదే సూత్రం. అమెరికాకు చెందిన డాక్టర్ జోఆన్ నార్టన్ 1980లలో రకరకాల జోడీలు కట్టి, పిల్లలను లెక్కించి ఈ లెక్కలు తేల్చారు.

మీరు ముచ్చటపడి బ్లాక్ లేస్ జోడీ తెచ్చారనుకోండి. పిల్లలన్నీ బ్లాక్ లేసే వస్తాయని ఆశపడతారు. రావు. నూరు పిల్లల్లో సుమారు 50 బ్లాక్ లేస్, 25 సిల్వర్, 25 నిండు బ్లాక్ వస్తాయి. ఆ నిండు నల్లపిల్లలు నీరసంగా ఉంటాయి, నెమ్మదిగా పెరుగుతాయి, ఎక్కువగా చనిపోతాయి కూడా. ఘోస్టుకు ఘోస్టును కట్టినా ఇదే లెక్క. సగం ఘోస్ట్, పాతిక వంతు సిల్వర్, పాతిక వంతు బ్లషింగ్ అనే చారల్లేని రకం వస్తాయి.

మరి విడత మొత్తం బ్లాక్ లేస్ కావాలంటే? రెండు వైపులా నలుపు రక్తమే ఉన్న బ్లాక్‌కు, మేలిమి సిల్వర్‌ను కట్టాలి. అప్పుడు పిల్లలన్నీ బ్లాక్ లేసే. అదే బ్లాక్‌కు గోల్డ్‌ను కడితే పిల్లలు నల్లగానే వస్తాయి గానీ, గట్టిగా ఉంటాయి. అయితే ఈ పిల్లల్లోంచే మళ్లీ తల్లిచేపలను ఏరారో, కథ మొదటికొస్తుంది.

గోల్డ్ సంగతి వేరు. ఇది దాగి ఉండే గుణం. చూడటానికి సిల్వర్‌గా ఉన్న రెండు చేపల్లోనూ గోల్డ్ గుణం దాగి ఉంటే, నాలుగింట ఒక పిల్ల గోల్డ్ వస్తుంది. గోల్డ్‌కు గోల్డ్‌ను కడితే మాత్రం పిల్లలన్నీ గోల్డే. కొత్తగా దిగేవారికి ఇదే నమ్మకమైన జోడీ. ధర కొంత తక్కువ పలికినా విడతంతా ఒకే రంగు చేతికొస్తుంది.

వెయిల్ విషయంలోనూ జాగ్రత్త. వెయిల్‌కు వెయిల్‌ను కడితే కొన్ని పిల్లలకు రెక్కలు మరీ పొడవై, బరువుకు వాలిపోతాయి. వెయిల్‌కు మామూలు రెక్కల చేపనే జత చేయండి.

కోయి కొనేవారికి

కోయి పిల్లలకు మొప్పమూత పారదర్శకంగా ఉండి, చెంప ఎర్రగా కనబడుతుంది. పెరిగేకొద్దీ ఆ ఎరుపు మరుగున పడుతుంది. నెత్తిమీది నారింజ రంగూ చాలా వాటిలో తగ్గుతుంది. రంగు మేత పెట్టినన్నాళ్లూ ముదురుగా ఉండి, ఆపితే వెలిసేవీ ఉంటాయి. అందుకని రూపాయి బిళ్లంత పిల్లను చూసి కోయి ధర పెట్టకండి. దాని తల్లిదండ్రులను చూపించమనండి. కోయి జోడీకి కూడా నల్లమచ్చ లేని పిల్లలు కొన్ని పుట్టవచ్చని ముందే లెక్కలో ఉంచుకోండి.

కొనేటప్పుడు, కొన్నాక

1. తల్లిచేపతోపాటు దాని తోబుట్టువులను చూడండి. ఒకే విడతలో మూడు రంగులుంటే అది కలగలుపు రక్తమే.
2. ఏంజెల్‌లో ఆడ, మగ తేడా పైకి తెలియదు. గుడ్లు పెట్టే వేళకే ఆడదాని గొట్టం మొద్దుగా, మగదాని గొట్టం సన్నగా బయటికి కనబడుతుంది. కాబట్టి ఒకే రంగు పిల్లలు ఆరో ఎనిమిదో తెచ్చి కలిపి పెంచండి. జోడీలు వాటంతట అవే కడతాయి.
3. జోడీ కట్టినవాటిని వేరే తొట్టిలోకి మార్చండి. నిలువుగా ఆనించిన పలకమీదో, పీవీసీ గొట్టంమీదో గుడ్లు పెడతాయి. రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి.
4. తొట్టికి నంబరు వేయండి. ఏ జోడీ, ఏ తేదీన గుడ్లు, ఏ రంగు పిల్లలు ఎన్ని అన్నది నోటుబుక్కులో రాయండి.
5. మొదటి విడత పిల్లలను వేరే విడతతో కలపకండి. ఆ విడతలోని రంగుల లెక్కే మీ జోడీ రక్తం ఏమిటో చెబుతుంది.
6. అమ్ముడుపోని పిల్లలను చెరువులో, కాలవలో వదలకండి.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్లకూ చోటిచ్చారు. ప్రస్తుతం మీ జిల్లాలో ఏ సాయం దొరుకుతుందో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. అప్పు చేసి ఒక్కసారే పది జోడీలు తేవద్దు. రెండు తొట్లు, ఒక్క రంగుతో మొదలుపెట్టండి. ఒక విడత చేతికొచ్చి, నోటుబుక్కులో లెక్క సరిపోయాక మూడో తొట్టి సంగతి ఆలోచించవచ్చు.